నీరు పోయుటయా, కన్నము వెదకుటయా?



ఈ నెల నేను మీతో మాటలాడబూనినది కారు ఇంజనును గూర్చి. సంఘకాపరికి ఇంజనుతో పనియేమని కొందరు నవ్వవచ్చును. నవ్వుడు. కాని ఒక పాత కారు నాలోని ఒక తప్పును నాకు చూపినది. దానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తోచి వ్రాయుచున్నాను.

మన మెట్ట ప్రాంతపు ఎండను గూర్చి మీకు చెప్పనక్కరలేదు. జగ్గయ్యపేట, నందిగామలలో మే నెలలో 45 డిగ్రీలు మనకు క్రొత్త కాదు. 2023వ సంవత్సరము మార్చిలో, పల్లెలు తిరుగుటకు ఒక చిన్న కారు చేతులు మారి నాకు దొరికినది. కొన్ని దినములకే ఇంజను ప్రక్కనున్న ప్లాస్టిక్ సీసాలో కూలెంటు గీత క్రిందికి దిగుట చూచితిని. అరలీటరు బోరు నీళ్లు పోసితిని. మూడు దినములకు మరల దిగినది, మరల పోసితిని. అట్లు రెండు నెలలు జరిగినది. లెక్కవేసిన పది లీటర్లు. ఆ యింజను కడుపులో పట్టునదే నాలుగైదు లీటర్లు!

ఇన్ని నీళ్లు ఎక్కడికి పోవుచున్నవని నేను అడుగలేదు. అడుగకుండుటకు నాయొద్ద సాకులుండెను. కారు నిలిపిన చోట పెద్దగా తడి లేదు. అప్పుడప్పుడు కనబడిన చుక్కలను ఏసీ నీరని నాకు నేనే చెప్పుకొంటిని. ఏసీ నీటికి రంగుండదు, జిగటయుండదు. కూలెంటు వ్రేలికి జారుడుగా తగిలి తియ్యని వాసన వేయును. ఒక్కమారు వంగి వ్రేలు పెట్టి చూచిన తేలిపోవు సంగతి. నేను వంగలేదు. ఏలయనగా, చూచిన తరువాత బాగుచేయింపక తప్పదు. బాగుచేయించుటకు డబ్బు కావలెను.

మే నెలలో ఒక మధ్యాహ్నము మా సంఘములోని ఒక మామ్మగారికి ఆయాసము హెచ్చినది. ఆమె కుమారుడు పరుగెత్తుకొని వచ్చి, "అయ్యగారూ, అమ్మను బెజవాడ తీసుకుపోవాలండి, మీ కారు తియ్యండి" అనెను. బయలుదేరుటకు ముందు అలవాటు చొప్పున సీసా నింపితిని. నందిగామ దాటి, కీసర దగ్గర మున్నేటి వంతెన సమీపించుసరికి వేడిని చూపు ముల్లు ఎర్రగీతను తాకినది. ముందరి రేకు సందులనుండి ఆవిరి లేచినది. ప్రక్కకు తీసి ఇంజను ఆపితిని. ఏటిలో నీటికన్న ఇసుకయే మెండు, పైన మండుటెండ. మామ్మగారు ఊపిరి కొరకు పెనుగులాడుచుండెను. 108 బండి వచ్చుటకు ఇరువది నిమిషములు పట్టినది. ఆ యిరువది నిమిషములలో ఆమె నన్ను ఒక్క మాట అడిగినది. "బండికి ఏమైంది అయ్యగారూ?"

"తెలియదు మామ్మగారూ" అంటిని.

దేవుని దయవలన ఆమె బ్రదికినది. కాని నేను చెప్పిన ఆ "తెలియదు" నిజమా, అబద్ధమా?

కారును త్రాడు కట్టించి నందిగామకు లాగించితిని. మేస్త్రి ఆ సాయంకాలము మూత ముట్టనీయలేదు. "వేడి మీద తీస్తే మొహం కాలిపోద్ది పాస్టరుగారూ, పొద్దున చూద్దాం" అనెను. మరునాడు ఇంజను చల్లబడిన తరువాత, మూత స్థానములో ఒక చేతిపంపు బిగించి, పదిహేను పౌండ్ల వరకు గాలి కొట్టి, ముల్లును చూచుచు కూర్చుండెను. కన్నము లేనియెడల ముల్లు కదలరాదు. అది మెల్లమెల్లగా దిగినది. ఆ వ్యవస్థ అంతయు మూసియున్న కుండవంటిది. లోపల ఒత్తిడి నిలిచినప్పుడే నీరు నూరు డిగ్రీలు దాటినను మరుగక యుండును. కన్నము పడినయెడల ఒత్తిడి పోవును, నూరు డిగ్రీలకే నీరు మరుగును. నేను పోసిన నీళ్లన్నియు ఆ కన్నమును ఏమియు చేయలేదు. ఉన్న మంచి కూలెంటును పలుచన మాత్రము చేసినవి.

మేస్త్రి టార్చి వేసి, చిన్న అద్దము పట్టి, నీటిపంపు అడుగున ఒక రంధ్రము చూపెను. దానిచుట్టు తెల్లగా, పచ్చగా ఎండిన చారిక. ఆ రంధ్రము చెడిపోయి పడినది కాదట! లోపలి సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోనికి పోక బయటికి వచ్చి తెలియజేయవలెనని పంపును చేసినవారే దానిని పెట్టిరి. కారిన చుక్క వేడి ఇంజనుమీదనే ఎండిపోయెను గనుక నేల తడియలేదు. "ఈ మరక నిన్నటిది కాదండి, బండి ఎప్పుడో చెప్పింది" అనెను మేస్త్రి. ఆయిలు పుల్ల తీసి చూచెను. ఆయిలు పాలవలె మారలేదు. పంపు మార్చి ఇంజను నడిపించి చూచినప్పుడు సీసాలో బుడగలును రాలేదు, గనుక గ్యాస్కెట్టు నిలిచినది. ఇంకొక రెండు మైళ్లు నడిపియుంటే హెడ్డు వంగెడిదట. సగము కూలెంటు, సగము డిస్టిల్డు వాటరు పోయించితిని. మన నేలలోని సున్నపురాయి కొరకే సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినవి గదా. ఆ సున్నమే బోరు నీటితో పోయి రేడియేటరు గొట్టములలో పేరుకొనును. (దించిన పాత కూలెంటును నేల పారబోయకుడి. తీపికి ఆశపడి కుక్కలు నాకి చచ్చును. మా మేస్త్రి దానిని డబ్బాలో పట్టి మూతపెట్టెను.) అంబాసిడర్ల కాలమున డ్రైవర్లు రేడియేటరులో పసుపు పోసి ఇల్లు చేరుకొనెడివారు. ఇల్లు చేరుటకు పసుపు మంచిదే. చేరిన తరువాత మరచిపోవుటయే చెడ్డది.

ఇక నా ప్రశ్నకు వత్తును. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన చట్టము గలదు. ఎద్దు మొదటిసారి మనిషిని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. దానికి పొడుచు అలవాటున్నదని ముందుగానే అతనికి తెలియజేయబడియు కట్టివేయనియెడల అతడు దోషి. నాకు ఎవరు తెలియజేసిరి? మనుష్యులెవరును కారు, ఆ సీసాయే. మొదటిమారు గీత దిగినప్పుడు అది యాదృచ్ఛికమనుకొందును. రెండవమారు దిగినప్పుడు అది వర్తమానము. ప్రతి ఉదయము ఇంజను విప్పి చూచువాడు ఎక్కడికిని పోలేడు. అంత అనుమానము నేను కోరను. కాని రెండవమారు వచ్చిన వర్తమానమును త్రోసివేసినవానికి "తెలియదు" అను మాట చెల్లదు.

క్లిఫర్డు అను ఆంగ్లేయ గణితశాస్త్రజ్ఞుడు 1877లో ఒక వ్యాసము ప్రకటించెను. అందులో ఒక ఓడ యజమానుడు తన పాత ఓడను గూర్చిన అనుమానములను అణచుకొని, ఇన్ని ప్రయాణములు చేసినది ఇదియు చేయునని నిజముగానే నమ్మి, వలసపోవు కుటుంబములను ఎక్కించి పంపును. ఓడ సముద్రములో మునుగును. అతడు దోషియనియు, ఓడ క్షేమముగా చేరినను అతని దోషము తగ్గెడిది కాదనియు క్లిఫర్డు వాదము. ఆయన మన విశ్వాసమును అంగీకరించినవాడు కాడు. అయినను ఈ సంగతిలో ఆయన మాట నాకు సూటిగా తగిలినది. మునిగిన ఓడయు చేరిన ఓడయు ఒకటేయని నేననను. చనిపోయినవారి యిండ్లలో అవి ఒకటి కావు. కాని యజమానుని హృదయము మాత్రము రెండు ఓడలలోను ఒకటే. మామ్మగారు బ్రదుకుట దేవుని దయ. దానిని నా నిర్దోషత్వముగా లెక్కగట్టుకొనుటకు నాకు హక్కులేదు.

ఆమె ఇల్లు చేరిన తరువాత కుమారునితో ఉన్న సంగతి చెప్పితిని. రెండు నెలలుగా నీళ్లు పోయుచున్నానని, ఆ దినము కూడ పోసియే బయలుదేరితినని. అతడు చాలసేపు మాటలాడలేదు. తుదకు, "ముందే చెప్పుంటే ఊళ్లో ఇంకో బండి మాట్లాడుకునేవాళ్లం గదండీ" అనెను. అంతకుమించి ఏమియు అనలేదు.

ఇప్పుడు ప్రతి సోమవారము ఉదయము, ఇంజను చల్లగా నున్నప్పుడే, అతడు మా వాకిటికి వచ్చును. ముందరి రేకు ఎత్తి సీసా గీత చూచును, వంగి పంపు అడుగున వ్రేలు పెట్టి చూచును, ఆ వ్రేలు లుంగీకి తుడుచుకొని పొలమునకు పోవును. నేను రమ్మని అడుగలేదు, వద్దనియు అనలేదు.