సేవ, ఋణం, పొరుగుతనం

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ నగరంలో హ్యుమానిటాస్ వృద్ధాశ్రమం విద్యార్థులకు అద్దె లేకుండా గదులిస్తుంది. ప్రతిగా వారు నెలకు 30 గంటలు అక్కడి వృద్ధులకు మంచి పొరుగువారిగా మెలగాలి. ప్రతిఫలం ఉన్నచోట సేవ ఉంటుందా అన్నది ఇందులోని నైతిక ప్రశ్న.

మన సంప్రదాయంలోని పితృఋణ భావన ప్రధానంగా సంతానానికి సంబంధించినది. పరాయి వృద్ధుని పట్ల బాధ్యతను అది నేరుగా నిర్దేశించదు. నిష్కామకర్మ ఆదర్శం ఫలాపేక్షను నిరాకరిస్తుంది. అయితే ఏమీ స్వీకరించని దాత ఎదుట గ్రహీత ఎప్పటికీ ఋణగ్రస్తుడుగానే మిగిలిపోతాడు. డెవెంటర్ ఒప్పందంలో వృద్ధులు తమ ఇంట చోటిచ్చిన ఆతిథేయులవుతారు. వారి గౌరవం నిలుస్తుంది. కనుక ప్రతిఫలం దానంతటదే సేవను చెరపదు. గంటలను లెక్కించవచ్చు, వాటిలో పుట్టే చనువును లెక్కించలేము. ముప్పయ్యో గంట ముగిశాక కూడా విద్యార్థి ఆ తలుపు తడితే, అక్కడ సేవ ఉన్నట్లే.