దారి స్నేహము బంధమా?

కాలినడకను తీర్థయాత్ర చేయువారికి ఒక ప్రశ్న ఎదురగుచుండును. దారిలో కలిసిన ఒకనితో నాలుగు మాటలాడి, అతని మూట కొంతదూరము మోసి, పది దినములు గడచునప్పటికి అతనిని సొంత తమ్మునివలె చూచుకొనుట కలదు. యాత్ర ముగియగనే ఎవరి ఊరికి వారు పోవుదురు. విడిపోవుట తప్పదని తెలిసియు కలుపుకొన్న ఈ స్నేహము రాగమా, మైత్రియా? రాగమే యైనచో అది కర్మబంధమునకు కారణము. బంధము తెంచుకొనుటకు బయలుదేరినవాడు దారిలో మరియొక బంధము తగిలించుకొనుట తగునా?

శ్వేతాంబర సంప్రదాయమున 'ఛరీ పాలిత సంఘము' అను యాత్రావిధానమొకటి కలదు. ఆరు నియమముల పేర్లును 'రీ' అను అక్షరముతో ముగియుటచే దానికా పేరు వచ్చినది. కాలినడక, దినమునకొక్కపూట భోజనము, నేలపై పడక, బ్రహ్మచర్యము, సచిత్త పదార్థములను విడుచుట, సమ్యక్త్వమును నిలుపుకొనుట అనునవి ఆ నియమములు. 13వ శతాబ్దమున గుజరాతు మంత్రులైన వస్తుపాల తేజపాల సోదరులు శత్రుంజయ, గిర్నార్ తీర్థములకు గొప్ప సంఘములను నడిపించిరి.

ఈ నియమములు దేహమును అదుపులో నుంచుటయేగాక, మనుష్యులను సమానులను గూడ చేయును. అంగడిలో కూర్చున్నంతసేపు ఎదుటి ముఖము చూడగనే బాకీ యెంత, బేరమెంత అను లెక్క మనస్సున మెదలును. ఖాతాపుస్తకము యాత్రకు రాదు. గోడౌను యజమానియు, అతని గుమాస్తాయు ఒకే నేలపై పండుకొందురు. ఇద్దరి అరికాళ్లును ఒకేరీతిగ బొబ్బలెక్కును. అట్టిచోట పుట్టిన స్నేహమున లాభాపేక్ష తక్కువ.

అయినను శంక తీరదు. సాధువులు చాతుర్మాస్యపు నాలుగు నెలలు తప్ప ఒకచోట స్థిరముగ నుండరు. ఊరిమీదను, ఊరివారిమీదను మమకారము పెరుగకుండుటయే అందులోని ఒక ఉద్దేశము. గౌతమస్వామికి మహావీరునిపై గల ప్రేమయే కేవలజ్ఞానమునకు అడ్డుపడెనని శ్వేతాంబరులు చెప్పుదురు. భగవానుని నిర్వాణవార్త విని దుఃఖించి, ఆ దుఃఖములోనే తన రాగమును గుర్తించి, ఆయన కేవలి యయ్యెను. గురువుపై ప్రేమయే అడ్డయినప్పుడు, దారిలో దొరికినవానిపై ప్రేమ మాట యేమి?

ఇచట ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము దారి చూపుచున్నది. సమస్త జీవులయెడ మైత్రి, గుణాధికులయెడ ప్రమోదము, దుఃఖితులయెడ కారుణ్యము, వినయహీనులయెడ మాధ్యస్థ్యము అలవరచుకొనవలెనని అందు గలదు. కనుక మైత్రి విడువవలసినది కాదు, సాధింపవలసినది. విడువవలసినది 'నావాడు' అను పట్టు మాత్రమే.

ఆ రెంటిని వేరుచేసి చూచుటకు దారియే గీటురాయి. తనతో నడచుచున్నవాడు మరియొకనితో కలిసి నవ్వుచు ముందుకు సాగినప్పుడు మనస్సు చివుక్కుమనినచో అది రాగము. అతనికి మంచి తోడు దొరికెనని సంతోషించినచో మైత్రి. మోకాలి నొప్పితో వెనుకబడిన ముదుసలి యెదుట మరియొక పరీక్ష వచ్చును. ఆయన పేరైనను తెలియదు. స్నేహితులు ముందు పోవుచున్నారు. వారిని అందుకొనుటకు వడిగా నడచువాడు స్నేహమును కాపాడుకొనుచున్నాడనవచ్చును గాని, మైత్రిని పోగొట్టుకొనుచున్నాడు.

కొలనుపాక యైనను, శత్రుంజయ మైనను, మెట్లు ఎవరివి వారే యెక్కవలెను. ఒకని కర్మను మరియొకడు తీర్చలేడు. ఐనను జీవులు పరస్పరము ఉపకారము చేసికొనువారని ఆ ఉమాస్వాతియే చెప్పినాడు. ఈ రెండు మాటలకును వైరము లేదు. చేయూత నిచ్చినవాడు నడకను సులభము చేయును. నడచుట మాత్రము నడచువానిదే.

యాత్రాస్నేహమునకు కడపటి పరీక్ష ఇంటికి తిరిగివచ్చిన తరువాత జరుగును. దారిలో తోటివాని మూట మోసినవాడు, తన అంగడియెదుట బస్తా మోయు హమాలీకి చెమట తుడుచుకొను వ్యవధియైన నీయక కసరినచో, అతడు తెచ్చుకొన్నది నాలుగు చిరునామాలు మాత్రమే. ఆ హమాలీని పిలిచి నీళ్లిచ్చి కూర్చుండబెట్టినచో, దారిలో నేర్చిన మైత్రి ఇంటికి వచ్చినట్లే.