చెప్పి చేర్చుటయా, దాచి చేర్చుటయా?

ఆటిజం గల బిడ్డను ఉన్నత పాఠశాలలో చేర్పింపబోవు తల్లిదండ్రుల యెదుట ప్రశ్నలు పెక్కు నిలుచును. సామాన్య పాఠశాలయా, ప్రత్యేక పాఠశాలయా? తెలుగు మాధ్యమమా, ఆంగ్ల మాధ్యమమా? ఇంటినుండి పంపుటయా, వసతిగృహమున నుంచుటయా? ఇట్లు నెలల తరబడి తర్కించుకొందురు. ఈ ప్రశ్నలన్నిటికంటె ముందు రావలసినది యొకటి కలదు. దానిని మాత్రము భార్యాభర్తలు తలుపు మూసికొని మాటలాడుకొందురు. బిడ్డ స్థితిని పాఠశాలవారికి చెప్పవలెనా, దాచవలెనా?

ప్రాథమిక పాఠశాలలో నీ ప్రశ్న అంత తీవ్రముగా నుండదు. అచట ఉదయము మొదలు సాయంకాలము వరకు తరచుగా ఒక్క ఉపాధ్యాయినియే యుండును. కొలది దినములలోనే ఆమెకు బిడ్డ తీరు తెలిసిపోవును. ఎప్పుడు చెవులు మూసికొనునో, ఎప్పుడు మూలకు పోయి నిలుచునో గ్రహించి, ఎవరును చెప్పకయే సర్దుకొనును. ఆరవ తరగతితో నిది మారును. గంట గంటకు ఉపాధ్యాయుడు మారును. గంట మ్రోగినంతనే వందలమంది పిల్లలు ఒక్కసారిగా వరండాలోనికి వత్తురు. తోటివారి మాటలలో వ్యంగ్యము, ఎగతాళి, గుంపులు కట్టుట మొదలగును. మాటల అర్థము తెలిసియు మాట వెనుకనున్న భావము చిక్కని బిడ్డకు ఇది కొత్త దేశమున దిగినట్లుండును. ఎదుటివారి కన్నులలోనికి చూడలేని బాలుని ప్రాథమిక తరగతిలో సిగ్గరి యన్నవారే తొమ్మిదవ తరగతిలో పొగరుబోతు అందురు.

దాచుదుమను తల్లిదండ్రుల పక్షము తేలికగా త్రోసివేయదగినది కాదు. వారు దాచుట కారణము లేక కాదు. నిజము చెప్పినచోట “సీట్లు నిండినవి” అను మాట వినవచ్చును. అది తిరస్కారమని నిరూపించుటకు కాగితముపై నేమియు నుండదు. చట్టము మాత్రము స్పష్టముగానే యున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో ఆటిజం ఒకటి. ప్రభుత్వపు గుర్తింపు గాని ధనసహాయము గాని గల విద్యాసంస్థ వివక్ష లేక బిడ్డను చేర్చుకొనవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము సామాన్యముగా 14 ఏండ్లతో నాగిపోగా, ఈ చట్టము 40 శాతము గాని అంతకు మించి గాని వైకల్యము గలదని ధ్రువపడిన బిడ్డకు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య నిచ్చుచున్నది. దగ్గరి బడియో, ప్రత్యేక పాఠశాలయో కోరుకొను స్వేచ్ఛయు నిచ్చుచున్నది. అయినను చట్టము చేతబట్టుకొని గుమ్మమున నిలిచిన తండ్రికి సీటు దొరకవచ్చును గాని, ఆ పాఠశాలవారి ఆదరణ దొరకునను భరోసా లేదు. అందుచేత వారి వాదమిట్లుండును: నిరాకరించు హక్కు లేనివాడు అడిగిన ప్రశ్నకు నిజము చెప్పవలసిన బాధ్యత ఎక్కడిది?

బొంకదగిన సందర్భములను శుక్రాచార్యుడు బలికి చెప్పిన ఘట్టము తెలుగువారికి తెలియనిది కాదు. ప్రాణమునకు, మానమునకు ఆపద వచ్చినపుడు అసత్యము దోషము కాదని ఆయన బోధ. దాచు తల్లిదండ్రులును ఆ రెండు కారణములనే చెప్పుదురు. అయితే ఎవరి మానము? బిడ్డ చదువు ఆగిపోవునను భయము వేరు, చుట్టములలో తల దించుకొనవలసి వచ్చునను భయము వేరు. రెండును ఒకే మాటలలో పలుకబడుట వలన వానిని విడదీయుట కష్టము. ఒక పరీక్ష కలదు. సీటు తప్పక వచ్చునని ముందే తెలిసినయెడల వారు నిజము చెప్పుదురా? చెప్పుదురేని దాచుట బిడ్డ కొరకు. అప్పటికిని చెప్పరేని అది ఇంటి పరువు కొరకు.

పరువు మాట పూర్తిగా నిరాధారమైనది కూడ కాదు. అక్క పెండ్లి సంబంధము వెనుకకు పోవునను భయముతో తమ్ముని ధ్రువపత్రము బీరువాలో దాచు కుటుంబములు కలవు. ఒకప్పుడు పాశ్చాత్య దేశములలో తల్లి ప్రేమ చాలకపోవుటయే ఆటిజమునకు కారణమని పండితులే చెప్పిరి. ఆ మాట తప్పని తేలి దశాబ్దములైనను, తల్లిని వేలెత్తి చూపు అలవాటు మన ఇండ్లలో నింకను పోలేదు. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల తీరును వర్ణించి ఈ స్థితికి పేరు పెట్టిన నాటినుండి ఎంత తెలిసినను, నింద తెలిసినంత వేగముగా తెలివి తెలియదు.

ఇక అసలు విషయము. బొంకిన తల్లిదండ్రులు ఒక్క దినము, దరఖాస్తు నింపునపుడు, బొంకుదురు. ఆ బొంకును ఐదేండ్లు మోయువాడు బిడ్డ. చేతులు ఊపుకొనవలెనని యున్నను ఊపుకొనక, శబ్దము భరింపరాకున్నను చెవులు మూసికొనక, అర్థము కాని హాస్యమునకు నలుగురితోపాటు నవ్వి, దినమంతయు మామూలు బాలునివలె నటింపవలెను. ఇంటికి వచ్చి చెప్పులైన విడువక ఏడ్చు బిడ్డను, భోజనము ముట్టక గోడవైపు తిరిగి పండుకొను బిడ్డను చూచి “బడిలో బాగానే యున్నాడు గదా, ఇంటికి వచ్చినంతనే ఏమగును?” అని ఆశ్చర్యపడువారు కలరు. బాలికలు ఈ నటనలో తరచు మరింత నేర్పరులగుదురు. అందుచేతనే పెక్కుమంది బాలికల స్థితి ఆలస్యముగా గాని తెలియదు. ఒకరు చెప్పిన అసత్యమునకు ఇంకొకరు, అందును అడుగకయే, వెల చెల్లించుట శుక్రనీతిలో సైతము లేదు.

అట్లని నిజము చెప్పుట యనగా ఊరంతటికి చాటుట కాదు. నిజము ఎవరికి చెందినదో మొదట తేల్చుకొనవలెను. అది తల్లిదండ్రుల రహస్యము కాదు, బిడ్డ యొక్క సొంత విషయము. పదకొండు, పన్నెండేండ్ల వయస్సున, తనకు అర్థమగు రీతిలో, మొదట వానికే చెప్పవలెను. తాను చెడ్డవాడనియో మొద్దుననియో తలచుకొనుచున్న బిడ్డకు తన తీరునకు ఒక పేరున్నదని తెలియుట పెక్కుమార్లు ఊరట. పిమ్మట పాఠము చెప్పువారికి, ప్రధానోపాధ్యాయునికి. తోటి పిల్లలకు చెప్పుట, చెప్పకుండుట బిడ్డ ఇష్టము. మాటలు రాని బిడ్డ ఇష్టమెట్లు తెలియునని అడుగవచ్చును. పాఠశాలను చూచి వచ్చిన రాత్రి వాని నిద్ర, మరునాడు ఆ వీథివైపు నడుచునపుడు వాని అడుగు చెప్పును. తల్లికి ఆ భాష తెలియును. కాని సీటు ఆత్రుతలో ఆ సాక్ష్యమును ఎవరును లెక్కలోనికి తీసికొనరు.

చెప్పుటలో నింకొక లాభము కలదు. నిజము విన్న పాఠశాల ఇచ్చు బదులే ఆ పాఠశాలను తెలుపును. “మా ఫలితములు తగ్గునేమో” అను చోటు వేరు, “వానికి ఏ శబ్దము పడదు? ఏమి తినును?” అని అడుగు చోటు వేరు. వార్షికోత్సవమునాడు గాక, మధ్యాహ్న భోజనపు గంట మ్రోగు వేళ పోయి చూచుట మేలు. ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉన్నాడా యని తప్పక అడుగవలెను. ప్రాథమిక దశలో 10 మందికి, ఆపై దశలో 15 మందికి ఒకరు చొప్పున నుండవలెనని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. మండలములలోని భవిత కేంద్రములను, సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థను సలహా కోరవచ్చును. ఏ పాఠశాలయు కుదరనివారికి సార్వత్రిక విద్యాపీఠముండనే యున్నది. అచట ఐదు విషయములను ఐదేండ్లలో, తొమ్మిది అవకాశములలో పూర్తిచేసికొనవచ్చును. దానిని ఓటమిగా చూచుట అవివేకము. కాయకములో ఎక్కువ తక్కువలు లేవని నమ్మిన ఇండ్లలోనే పదవ తరగతిని ఒక్కసారికే గట్టెక్కవలెనను పట్టు ఇంతగా ఎట్లు పెరిగినదో!

మఠముల పాఠశాలలు, వసతిగృహములు ఇచట కొంత ఆలోచింపవలసి యున్నది. అందరికి ఒకే పంక్తిలో ఒకే అన్నము పెట్టుట దాసోహపు గొప్పతనము. కాని ఆ పంక్తి భోజనపు సందడియే ఒక బిడ్డకు ముద్ద దిగనీయదు. వందమంది ఒకే శాలలో పండుకొనుచోట వానికి నిద్ర రాదు. వానికి పది నిమిషములు ముందుగా, మూలగదిలో వడ్డించుట పంక్తిభేదమగునా? కాదనియే చెప్పవలెను. పంక్తి ఏర్పడినది ఆకలి తీర్చుటకు గదా. తలిదండ్రులు నిజము చెప్పుటకు జంకని చోటుగా పాఠశాలను నిలుపుట నడుపువారి చేతిలో నున్నది. దాచుటలోని దోషమును తల్లిదండ్రులకే అంటగట్టి ఊరకుండుట న్యాయము కాదు.

ఇదివరకే దాచి చేర్పించినవారి సంగతి మిగిలినది. చెప్పినచో మోసము చేసితిమందురని వారి సంకోచము. అయినను ఆలస్యము వలన నష్టపోవునది బిడ్డయే. కేంద్రీయ మండలి పరీక్షలలో గంటకు 20 నిమిషముల చొప్పున అదనపు కాలము, వ్రాయసగాడు మొదలగు సౌకర్యములు కలవు గాని ధ్రువపత్రము లేనిదే అవి దొరకవు. ఆ మండలి నమోదు తొమ్మిదవ తరగతిలోనే జరుగును. వైద్యుల పరిశీలనకు, పత్రము చేతికందుటకు నెలలు పట్టవచ్చును గనుక ఎనిమిదవ తరగతి ముగియకముందే ఆ పని మొదలుపెట్టవలెను.