మృగశిర కార్తె, జాతక చక్రం

జూన్ 8కి అటూ ఇటూగా మృగశిర కార్తె వస్తుంది. తొలకరి పడితే మరిపెడ చెల్కల్లో పత్తి గింజలు పెడతారు. ఇలా ఆకాశాన్ని చూసి కాలం లెక్కగట్టడం బైబిలుకు పరాయిది కాదు. ఋతువులకూ సంవత్సరాలకూ గురుతులుగా దేవుడే జ్యోతులను ఉంచాడంటుంది ఆదికాండం. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో కృత్తిక, మృగశిర పేర్లూ కనిపిస్తాయి.

జాతకం సంగతి వేరు.

వయసులో జ్యోతిషాన్ని గట్టిగా నమ్మిన క్రైస్తవ వేదాంతి అగస్టీన్‌ను కదిలించింది ఒక మిత్రుడు చెప్పిన ఉదంతం. ఒకే ఘడియలో ఇద్దరు పిల్లలు పుట్టారు: ఒకడు సంపన్నుడి కొడుకు, ఇంకొకడు ఆ సంపన్నుడి స్నేహితుడి ఇంటి దాసి కొడుకు. జాతకం ఒక్కటే. మొదటివాడు పదవులకు ఎదిగాడు, రెండోవాడు బానిసగానే ఉండిపోయాడు. సుమారు క్రీ.శ. 400లో అగస్టీన్ పూర్తిచేసిన ‘కన్ఫెషన్స్’ ఏడో భాగంలో ఉందిది. ఎంత సూటి వాదన!

కార్తె చూసి విత్తండి. జాతకం కుదరలేదని మంచి సంబంధాన్ని మాత్రం వదులుకోకండి.