వంతెన దాటితే లాగోస్

నైజీరియాలోని లాగోస్ నీళ్ళ మధ్య పుట్టిన ఊరు. అందుకేనేమో దాని మీద రాసిన నవల ఏది తెరిచినా ఎవరో ఒకరు వంతెన దాటుతూ కనిపిస్తారు. ఒకరు కొలువు కోసం, ఒకరు మొగుడి కోసం, ఒకరు అప్పులవాళ్ళ నుంచి తప్పించుకోవడానికి. ఒకామె మాత్రం చచ్చిపోవడానికి.

ఆ ఒకామె దగ్గరే మొదలుపెడతాను. బుచి ఎమెచెటా 1979లో వెలువరించిన 'ది జాయ్స్ ఆఫ్ మదర్‌హుడ్' నవలలో మొదటి పేజీలకే ఊపిరి బిగపట్టుకోవాల్సి వస్తుంది. కాలం 1934. యాబా పేటలో, తెల్లదొరల బట్టలుతికే మనిషికిచ్చిన గదిలోంచి ఒక పచ్చి బాలింత బయటపడి పరుగెడుతోంది. పసిబిడ్డ పోయాడు. బిడ్డ పోయాడన్న సంగతి ఆమె ఒంటికి ఇంకా తెలియదు, పాలు కారి రవిక తడిసిపోతోంది. మంచులో ఎదురొచ్చిన గుడ్డి బిచ్చగాణ్ణి గుద్దుకుంటుంది, అయినా ఆగదు. ఆమె వెళ్తున్నది కార్టర్ వంతెన మీదికి. బ్రిటిష్ గవర్నరు పేరుతో 1901లో కట్టిన ఆ వంతెన నుంచి లగూన్‌లోకి దూకాలని ఆమె తాపత్రయం. దూకబోతే ఎవరో ఒడిసి పట్టుకుంటారు, క్షణంలో గుంపు మూగుతుంది. తలో భాషలో తిట్టేవాళ్ళు, బుద్ధులు చెప్పేవాళ్ళు, తెల్లారుతూనే తమాషా దొరికిందని నిలబడిపోయినవాళ్ళు. ఆ గుంపులో సొంత ఊరివాడు ఒకడు ఆమెను గుర్తుపడతాడు.

నన్నడిగితే లాగోస్ అంటే ఈ ఘట్టమే. రచయిత్రి ఊరి పటం గీయలేదు, జనాభా చెప్పలేదు. యాబా నుంచి వంతెన దాకా ఎంత దూరమో మనకు ఆ ఉత్త కాళ్ళే చెబుతాయి. వేలమంది ముక్కూమొహం తెలియనివాళ్ళు, వాళ్ళలో నీ భాష మాట్లాడేవాడు ఒక్కడు: వలస వచ్చినవాళ్ళ నగరాన్ని ఇంత తక్కువ మాటల్లో పట్టుకున్న రచన నాకు మరొకటి తట్టదు.

అంతకు పాతికేళ్ళ ముందే, 1954లో, సిప్రియన్ ఎక్వెన్సీ 'పీపుల్ ఆఫ్ ది సిటీ' రాశాడు. పగలు నేరవార్తలు రాస్తూ రాత్రి బ్యాండు నడిపే కుర్రాడి కథ అది. నగరం పేరు ఎక్కడా చెప్పడు. అద్దె గది దొరకని తిప్పలూ, తెల్లవార్లూ ఆరని క్లబ్బు దీపాలూ చూస్తే అది ఏ ఊరో వేరే చెప్పాలా? 1960లో వచ్చిన 'నో లాంగర్ ఎట్ ఈజ్'లో చినువా అచెబె ఆ దీపాలనే పల్లె నుంచి చూపించాడు. సెలవు మీద వచ్చిన సిపాయి, లాగోస్‌లో రాత్రిళ్ళు చీకటే ఉండదని చెబుతుంటే ఒక పల్లెటూరి పిల్లాడు నోరు తెరుచుకుని వింటాడు. పెద్దయ్యాక అదే పిల్లాడు మురుగుకాలువ పక్కన కారు ఆపుకుని ముక్కు మూసుకుంటాడు. దీపమూ నిజమే, కంపూ నిజమే. అచెబె దేన్నీ కొట్టెయ్యడు.

ఇక వీధుల్లోకి దిగితే డాన్ఫోలు, అంటే మినీ బస్సులు. పసుప్పచ్చ ఒంటికి నల్లచారలు, తలుపు పట్టుకుని సగం గాల్లో వేలాడే కండక్టరు. వాడు పేటల పేర్లు వరసపెట్టి కేకేస్తుంటాడు. దిగాల్సినవాళ్ళు లోపలినుంచి 'ఓ వా!' అని అరుస్తారు. బండ్లు ఆగిపోతే దాన్ని 'గో-స్లో' అంటారు. ఆ గో-స్లోలో వీధి మొత్తం అంగడైపోతుంది. సాచెట్ నీళ్ళు, అరటికాయ చిప్స్, సాసేజ్ రోల్స్ అన్నీ కిటికీ దగ్గరికే నడిచొస్తాయి. చిల్లర అందేలోపు బండి కదిలిందా, అమ్మేవాడు పక్కనే పరుగెత్తాలి. 1990లో తెరిచిన థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన సుమారు 11.8 కిలోమీటర్లు. దాని మీద గో-స్లోలో చిక్కుకుంటే పక్కన మకోకో కనిపిస్తుంది. నీళ్ళలో పాతిన కర్రల మీద ఇళ్ళు, ఇళ్ళ మధ్య పడవలు, పైన పొగ.

వంతెన తెరిచిన ఆ ఏడాదే జులైలో మరోకో అనే పేటను బుల్డోజర్లు నేలమట్టం చేశాయి. దాదాపు మూడు లక్షల మంది నిలువనీడ లేకుండా పోయారు. ఇప్పుడా పేట ఉన్నది క్రిస్ అబానీ 'గ్రేస్‌ల్యాండ్'లో. 2004లో వచ్చిన ఈ నవల 1983 నాటి మరోకోను కళ్ళకు కట్టిస్తుంది. బురదనీళ్ళ మీద పలకల దారులు, కురిసే కప్పులు, ఆ కప్పు కింద ఎల్విస్ అనే పదహారేళ్ళ కుర్రాడు. పేరుకు తగ్గట్టు ఎల్విస్ ప్రెస్లీ వేషం కడతాడు. నల్లని మొహానికి టాల్కం పౌడరు దట్టంగా పట్టించి, విగ్గు తగిలించుకుని, సముద్రపు ఒడ్డున విదేశీయుల ముందు చిందులేస్తాడు. చెమటకు పౌడరు నిలుస్తుందా! నవ్వొచ్చేలోపే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది. బుల్డోజరుకు లొంగని పలకలు ఈ పుస్తకంలోవే.

అన్నిటికన్నా నన్ను మురిపించింది న్నెడి ఒకొరాఫోర్. 2009 నాటి 'డిస్ట్రిక్ట్ 9' సినిమా నైజీరియన్లను చూపిన తీరు నచ్చక, తనే ఒక కథ మొదలుపెట్టిందామె. ఫలితం 2014లో వచ్చిన 'లగూన్'. గ్రహాంతరవాసులు న్యూయార్కులోనో టోక్యోలోనో కాదు, లాగోస్ బార్ బీచ్ దగ్గర సముద్రంలో దిగుతారు. కథ ఎత్తుకునేది మనిషి కాదు, చమురు పైపు మీద కసితో ముక్కు దూసే కత్తిచేప. తర్వాత గబ్బిలానికీ సాలీడుకూ తలో అధ్యాయం. మనుషులను మింగే రోడ్డుకు కూడా ఆకలీ ప్రాణమూ ఉంటాయి. ఆ రోడ్డు మీద తిరిగినవాళ్ళకు అదేమీ కల్పన అనిపించదేమో! ఆ అంతరిక్షపు చుట్టాల్లో ఒకటి వచ్చిందని తెలియగానే ఊరు భయంతో తలుపులు మూసుకుని కూర్చోదు. ఒక బోధకుడు దాన్ని మతంలో కలిపేసుకుందామని బయల్దేరతాడు. కొందరు కుర్రాళ్ళు ఎత్తుకుపోయి డబ్బు చేసుకుందామని పథకం వేస్తారు. బేరం మొదలవడానికి లాగోస్‌లో ఒక్క రోజు కూడా పట్టలేదు.