తొలిపిన నీళ్ళు

తెలుగులో ఒక మంచి క్రియ ఉంది, తొలపడం. కాగిన నీళ్ళలో చన్నీళ్ళు పోసి ఒంటికి సరిపడేట్టు చెయ్యడం అని అర్థం. కొన్ని ఇళ్ళల్లో తొరపడం అంటారు. "నీళ్ళు తొలిపి పెట్టాను, స్నానానికి లే" అన్న మాట వినకుండా పెరిగినవాళ్ళు మా తరంలో తక్కువ. గీజరు వచ్చాక పని మిగిలింది గానీ మాట పోతోంది. ఈ పనిమీద మనకో సామెత కూడా ఉంది: వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు. మొగుడి జీతానికి పెళ్ళాం కుట్టుమిషను సంపాదన కలిసినప్పుడు అనే మాట. ఆడదాని సంపాదన ఎప్పుడూ చన్నీళ్ళే ఎందుకయిందన్నది వేరే ప్రశ్న. కానీ సామెతలో ఒక మర్యాద ఉంది. చన్నీళ్ళు పోసి వేణ్ణీళ్ళను పాడుచేశారని అనదు, తోడొచ్చాయంటుంది.

కలపడం మీద మనకున్న ఈ మంచి అభిప్రాయాన్ని కాస్త పరీక్ష చేయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఏ తగువు వచ్చినా "నువ్వో మెట్టు దిగు, వాడో మెట్టు దిగుతాడు" అనేవాళ్ళే చుట్టూరా. ఊరి పంచాయితీలో, అన్నదమ్ముల పంపకాల్లో, టీవీ చర్చల్లో మధ్యన నిలబడ్డవాడికే పెద్దమనిషి అని పేరు. మధ్యన నిలబడటం నిజంగా ధర్మమేనా? నాకు నీళ్ళు తొలపడంలోనే దీనికి చాలావరకు జవాబు కనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. చలికాలం పొద్దున బాయిలర్లో నీళ్ళు 80 డిగ్రీలు, పంపునీళ్ళు 20 డిగ్రీలు అనుకోండి. చెరి సగం కలిపితే 50 డిగ్రీలవుతుంది. ఆ నీళ్ళు ఒంటిమీద పోసుకోలేం, కాసేపు తగిలితే చర్మం కాలుతుంది. స్నానానికి 40 డిగ్రీలు చాలు. దానికి ఒక వంతు వేడినీళ్ళకు రెండు వంతుల చన్నీళ్ళు పట్టాలి. అంటే 20 లీటర్ల బక్కెట్లో వేడినీళ్ళు ఏడు లీటర్లు కూడా ఉండవు. సగం సగం అన్న సూత్రం బక్కెట్లోనే చెల్లకపోతే బతుకులో చెల్లుతుందని ఎలా అనుకోవడం? అరిస్టాటిల్ ఈ సంగతి ముందే చెప్పాడు. ఒకడికి పది పాళ్ళ తిండి ఎక్కువై, రెండు పాళ్ళు తక్కువైనంత మాత్రాన శిక్షకుడు అందరికీ ఆరు పాళ్ళు పెట్టడు, మైలో లాంటి మల్లుడికి అది చాలదు, గోదాలోకి కొత్తగా దిగినవాడికి అది ఎక్కువ అన్నాడు. ఆయన మెచ్చుకున్న మధ్యస్థం అంకెల మధ్య ఉండేది కాదు, మనిషిని బట్టి ఉండేది. మధ్యేమార్గం అన్న మాటని వాడేటప్పుడు మనం ఈ తేడాని వదిలేస్తాం.

మనిషిని బట్టి అన్నాక, ఏ మనిషి అన్న ప్రశ్న వస్తుంది. పసిపిల్లకి నీళ్ళు పోసేముందు మా నాయనమ్మ బక్కెట్లో అరచెయ్యి పెట్టేది కాదు, మోచెయ్యి ముంచేది. జీవితమంతా పొయ్యి దగ్గర గిన్నెలు దించిన అరచెయ్యికి వేడి తెలియదని ఆమెకు తెలుసు. ఇంగ్లండు తత్వవేత్త జాన్ లాక్ 17వ శతాబ్దం చివర ఇదే విషయాన్ని ఇంకోలా చూపించాడు. ఒకే నీళ్ళు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వెచ్చగా అనిపించవచ్చు. కాబట్టి ఆ వెచ్చదనం మనకు తోచినట్టే నీళ్ళలో ఉందని అనలేం అన్నది ఆయన వాదం. లాక్ అక్కడ నుంచి జ్ఞానం గురించి మాట్లాడాడు. మా నాయనమ్మ మోచెయ్యి నీతి గురించి చెబుతోందని నాకనిపిస్తుంది. "ఈపాటి మాటకే అంత బాధా?" అనేవాళ్ళు సాధారణంగా తమ అరచేత్తో కొలుస్తుంటారు. బండబారిన చోటు కాక, తనలో ఇంకా మెత్తగా ఉన్న చోటు వెతుక్కుని దానితో కొలవాలి.

ఇంకో చిక్కు ఉంది. నీళ్ళలో నీళ్ళు కలిపితే లెక్క తేలిగ్గా కుదురుతుంది. వేరువేరు పదార్థాలు కలిపితే కుదరదు. 18వ శతాబ్దంలో పాదరసాన్నీ నీళ్ళనూ సమాన కొలతల్లో, వేరువేరు వేడిమీద, కలిపి చూశారు. ఉష్ణోగ్రత నడిమికి రాలేదు, నీళ్ళ వైపే ఉండిపోయింది. 1760 ప్రాంతంలో స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్ దీన్ని సరిగా అర్థం చేసుకున్నాడు. ఒక్కో పదార్థానికి వేడిని పట్టుకునే శక్తి ఒక్కోలా ఉంటుంది. ఒకే మోతాదు వేడి ఒకదాన్ని కొంచెం కదిలిస్తుంది, ఇంకోదాన్ని ఎక్కువ కదిలిస్తుంది.

మా దగ్గరి బంధువుల్లో ఒక పెద్దావిడకి ఆపరేషను అయింది. ఇద్దరు కొడుకులు. పెద్దాయన హైదరాబాదులో ఉద్యోగి, చిన్నాయన ఊళ్ళో కౌలు రైతు. ఖర్చు చెరి సగం అన్నారు పెద్దలు. పేచీ లేకుండా తేలిందని అందరూ సంతోషించారు. పెద్దాయన కారు కొనడం ఓ ఏడాది వాయిదా వేసుకున్నాడు. చిన్నాయన పాడిగేదెను అమ్మాడు. కాగితం మీద రెండు సగాలూ సమానమే. పైసలతో సహా సమానమే. ఆ సమానత్వంలో అన్యాయం ఎక్కడుందో చెప్పడానికి అక్కడ ఎవరి దగ్గరా మాట లేదు. బ్లాక్ దగ్గర ఉంది.

బ్లాక్ పరిశోధనల్లో తేలిన మరో సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. కిలో మంచుగడ్డ మీద 80 డిగ్రీల నీళ్ళు కిలో పోస్తే 40 రాదు. ఇంచుమించు సున్నా డిగ్రీల దగ్గర రెండు కిలోల నీళ్ళు మిగులుతాయి. థర్మామీటరును నమ్ముకున్నవాడు ఆ వేడంతా వృథా అయిందంటాడు. వృథా కాలేదు, మంచు కరగడానికి సరిపోయింది. ఏళ్ళ తరబడి మాటల్లేని అన్నదమ్ముల్లో ఒకడు వెళ్ళి ఆప్యాయంగా పలకరిస్తే రెండోవాడు ముక్తసరిగా జవాబిచ్చి లోపలికి పోతాడు. "వెళ్ళి ఏం లాభం?" అంటారు చూసినవాళ్ళు. కరగడం థర్మామీటరుకు కనపడదు.

ఇంతవరకు ఎలా కలపాలన్న ప్రశ్న. అసలు కలపకూడనివి ఉన్నాయా?

మొదట ఒక జాగ్రత్త. కలిపిన నీళ్ళు ఎప్పుడూ ఆ రెండు కొసల మధ్యే ఉంటాయి, కొస దాటి పోలేవు. అందుకని కొసలు ఎవడు నిర్ణయిస్తే నడిమినీ వాడే నిర్ణయించినట్టు. బట్టల కొట్లో ఇది అందరికీ తెలుసు. ఐదొందల చీరకి వెయ్యి చెప్పినవాడు మన బేరానికి ముందే మధ్యరేఖ గీసేశాడు. చీర దగ్గర ఇంత తెలివిగా ఉండే మనం, రాజకీయాల్లో ఎవడన్నా నోటికొచ్చిన ఘోరం అంటే "అంత కాదుగానీ, అందులోనూ కొంత నిజం ఉంది" అంటూ సగం దూరం నడిచి వెళతాం. పైగా అది సమదృష్టి అనుకుంటాం.

రెండోది పాలు. పెరుగు తోడెయ్యాలంటే కాగిన పాలు గోరువెచ్చగా అవ్వాలి. ఆదరాబాదరాగా ఉన్నా ఇల్లాలు ఆ పాలలో చన్నీళ్ళు పొయ్యదు. ఆరేదాకా ఆగుతుంది, లేదా గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెడుతుంది. నీళ్ళు పోసినా థర్మామీటరు అదే అంకె చూపిస్తుంది, కానీ చిక్కటి పాలు పోతాయి. నీళ్ళకూ నీళ్ళకూ మధ్య తేడా వేడిలో మాత్రమే, అందుకే అక్కడ కలపడం న్యాయం. పాలకూ నీళ్ళకూ తేడా సరుకులోనే ఉంది. తగువుల్లోనూ ఈ రెండు రకాలూ ఉంటాయి. పెళ్ళికి ఎంతమందిని పిలవాలి, పొలం గట్టు ఎటు జరపాలి, పిల్లవాణ్ణి ఏ బళ్ళో వెయ్యాలి, ఇవి మోతాదు తగువులు. తొలుపుకోవచ్చు. మన ఊళ్ళ హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన రోజులున్నాయి, రెండు గ్లాసుల పద్ధతి అనేవారు. తమ గ్లాసు తామే కడిగి పెట్టాలి. అభ్యంతరం చెప్పినవాళ్ళకు "టీ అదే కదా, ధర అదే కదా, గ్లాసు దగ్గర ఎందుకయ్యా పట్టుదల?" అని సర్దిచెప్పేవాళ్ళు ఉండేవారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననుకోను. నీళ్ళు తొలుపుతున్నామనుకుని పాలలో నీళ్ళు పోశారు. మనిషి సాటిమనిషేనా కాదా అన్నదానికి మధ్యస్థం లేదు. సగం సాటిమనిషి అంటూ ఎవడూ ఉండడు.

మూడోది వరస. పసిపిల్లలకి నీళ్ళు తొలిపేటప్పుడు ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు పొయ్యాలి. భౌతికశాస్త్రం సమీకరణంలో వరస లేదు. ఏది ముందు పోసినా చివరికి వచ్చేది అదే 40. కానీ మధ్యలో ఫోను మోగి మనం పక్కకి వెళితే, పిల్ల బక్కెట్లో చెయ్యి పెడితే, అప్పుడు వరసే సర్వస్వం. 60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నయినా ఐదారు సెకన్లలో బాగా కాల్చేస్తాయి, పిల్లలకి అంత సేపూ పట్టదు. చివరికి అంతా సర్దుకుంటుందని చెప్పి మొదట ఒకరిని కాల్చే పథకాలు నాకు అందుకే భయం. ప్రాజెక్టుకు ముందు ఊళ్ళు ఖాళీ చేయించి, పరిహారం తర్వాత ఇస్తామంటారు. మొత్తం లెక్క సరిపోవచ్చు. మధ్యకాలంలో బక్కెట్లో చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న.

అయితే మనిషి తనలోపల ఎలా ఉండాలి? ఎవరికీ తగలకుండా ఎప్పుడూ గోరువెచ్చగానా? ఆస్పత్రుల్లో, హోటళ్ళలో వేడినీళ్ళు నడిపే ఇంజనీర్లు దీనికి వద్దంటారు. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవున్న నీళ్ళలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది. అందుకని ట్యాంకులో నీళ్ళను 60 డిగ్రీల దగ్గర ఉంచుతారు, చన్నీళ్ళను చల్లగానే ఉంచుతారు, రెంటినీ కుళాయికి దగ్గర్లో కలుపుతారు. కలిపే కవాటంలో ఒక మైనపు బిళ్ళ ఉంటుంది. వేడెక్కితే అది వ్యాకోచించి వేడినీళ్ళ దారిని ఇరుకు చేస్తుంది. చన్నీళ్ళు హఠాత్తుగా ఆగిపోతే వేడినీళ్ళనూ మూసేస్తుంది.

నమ్మకాలనూ ఇలాగే ఉంచుకోవాలేమో. అందరికీ నచ్చేలా ముందే తొలిపి నిలవ పెట్టుకున్న అభిప్రాయంలో పురుగు పడుతుంది. అది ఎవర్నీ కాల్చదు, ఎవర్నీ శుభ్రం చెయ్యదు. లోపల వేడి వేడిగానే ఉండాలి, ఎదుటివాడి మాటలోని చల్లదనమూ పలచబడకుండా రావాలి. రెండూ కలవాల్సింది ఇంకో మనిషి చర్మాన్ని తాకబోయే ఆ చివరి జానెడు దూరంలో. అవతలివాడి మాట వినపడటం ఆగిపోయిన రోజున మన నోరు కూడా దానంతటదే మూతపడే ఏర్పాటు ఒకటి లోపల ఉంటే ఇంకా మంచిది.