కాపలావాని చూపు

ఒక మనిషిని అతనికి తెలియకుండా కనిపెట్టి చూడటం తప్పా, ఒప్పా? ఈ ప్రశ్న వినగానే మనలో చాలామంది తప్పేనంటారు. పోలీసు నిఘా నీడలో పెరిగిన ఉద్యమాలకు వారసులం కనుక అలా అనటం సహజమే. కాని సహజంగా తోచిన సమాధానమల్లా సమగ్రమైన సమాధానం కాదు. రద్దీగా ఉన్న రైల్వే ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన పిల్లవాణ్ణి ముందుగా గుర్తించేది కాపలావాని చూపే. సినిమా హాలులో పొగను ముందుగా పసిగట్టేదీ ఆ చూపే. కాబట్టి మనం విచారించవలసింది చూపును కాదు. ఆ చూపు ఎవరి ప్రయోజనం కోసం, దేన్ని ఆధారం చేసుకొని పనిచేస్తున్నదీ అన్నదే అసలు విషయం.

మా దగ్గర బి.ఏ. చదివిన ఒక కుర్రవాడు వేరే ఉద్యోగం దొరకక ఒక పెద్ద బట్టల దుకాణంలో సెక్యూరిటీ పనికి కుదిరాడు. పండుగకు వచ్చినప్పుడు తన శిక్షణను గురించి చెప్పుకొచ్చాడు. ఆ విద్యలో నేననుకున్న దానికంటే వివేకం ఎక్కువే ఉన్నది. మనిషి ముఖంలోకి గుచ్చి చూడరాదు, చేతులు చూడాలి. చూపు ఒకచోట నిలపక హాలంతా తిప్పుతూ ఉండాలి. ఆ చోటు మామూలు రోజున ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. అప్పుడే మామూలు కానిది కంటబడుతుంది. అనుమానం కలిగితే వెంటబడకుండా, దగ్గరకు పోయి “ఏం కావాలండీ?” అని మర్యాదగా పలకరించాలి. అన్నిటికంటె ముఖ్యం, పుస్తకంలో చూసింది రాయాలి గాని అనుకున్నది రాయరాదు. “దొంగలా ఉన్నాడు” అని రాస్తే అది సాక్ష్యం కాదు. “ఎర్ర చొక్కా, ఎడమచేతిలో సంచి, నాలుగు గంటల పది నిమిషాలకు మెట్ల వైపు పోయాడు” అని రాస్తే సాక్ష్యం. సాహిత్య విమర్శ పాఠాలు చెప్పుకునే నాబోటివాళ్లు కూడా నేర్చుకోవలసిన సూత్రమిది.

“చెప్పులు చూడమన్నారు మాస్టారూ. పారిపోయేవాడు చొక్కా మార్చుకోగలడు గాని చెప్పులు మార్చుకోలేడట” అన్నాడు. ఆగి, మళ్లీ అన్నాడు: “పనిలో చేరిన వారానికి మా మేనేజరూ చెప్పులే చూడమన్నాడు. అరిగిన చెప్పులతో వచ్చినవాళ్ల మీద ఓ కన్ను వేసి ఉంచమన్నాడు. రేపు మా అమ్మ వచ్చినా ఆమె వెనకే నేను తిరగాలి గదండీ!” నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

సమస్య అంతా ఈ చెప్పుల దగ్గరే ఉన్నది. రెండు ఉత్తరువులూ ఒకే వస్తువును చూడమన్నాయి. మొదటిది జరిగిన పని నుంచి బయలుదేరి, ఆ పని చేసిన మనిషిని వెతుకుతుంది. రెండవది మనిషి పేదరికం నుంచి బయలుదేరి, ఇంకా జరగని నేరాన్ని ఊహించుకుంటుంది. మొదటిది నేర్పు. రెండవది నేర్పు వేషం వేసుకున్న వర్గ ద్వేషం.

ఈ రెండవ చూపు దుకాణాలలో పుట్టింది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసి, కొన్ని కులాలకు కులాలనే పుట్టు నేరస్థులుగా పేర్లు రాసుకున్నది. మన ప్రాంతంలో ఎరుకలవారు ఆ అవమానాన్ని అనుభవించారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఏర్పడిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టం రద్దయింది. కాని చట్టాన్ని రద్దు చేసినంత సులభంగా చూపును రద్దు చేయలేకపోయాం.

“చాటుగా చూస్తే అవతలివాడికి పోయేదేమిటి? అతనికి తెలియనే తెలియదు గదా!” అని వాదించేవారున్నారు. ఈ వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఖరక్ సింగ్ అనే అతణ్ణి 1941లో ఒక దోపిడి కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. 1962లో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టటం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. కాని ఇంటి బయట రహస్యంగా కాపు వేయటం, రాకపోకలు కనిపెట్టటం ఏ ప్రాథమిక హక్కుకూ భంగం కాదని అధిక సంఖ్యాకులు అన్నారు. తెలుగువాడైన కోకా సుబ్బారావు గారు, న్యాయమూర్తి షా గారితో కలిసి, దీనితో విభేదించారు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, ఎవరో చూస్తున్నారన్న భయం మనసుకు వేసే సంకెళ్లు ఉంటాయన్నదే వారి వాదం సారాంశం. ఆ దృష్టి సరైనదని ఒప్పుకోవటానికి 55 ఏళ్లు పట్టింది: 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు.

ఇక చూసేవాడి సంగతి. అర్థశాస్త్రంలో విద్యార్థి, సన్యాసి, వర్తకుడు వంటి వేషాలలో వేగులను ఊరంతా నింపిన కౌటిల్యుడు సైతం ఒక్క వేగు మాటను నమ్మలేదు. ఒకరినొకరు ఎరుగని ముగ్గురి మాట కలిస్తేనే నమ్మమన్నాడు. రాజు క్షేమం కోసమే చెప్పినా, ఒంటరి చూపు తప్పు చేయగలదని అతనికి తెలుసు. ఈనాటి దుకాణంలో మేనేజరు అనుమానమే తీర్పు. పైగా మా కుర్రవాడి నెత్తిమీద కూడా ఒక కెమెరా ఉన్నది. పన్నెండు గంటలు నిలబడే ఆ మనిషి ఎంతసేపు గోడకు ఆనుకున్నాడో అది లెక్కపెడుతుంది. పేదవాడిచేత పేదవాణ్ణి కాపలా కాయించి, ఆ కాపలావాడికి మరొక కాపలా పెట్టటం ఆస్తి తనను తాను రక్షించుకునే పద్ధతి.

అయితే అతడేం చేయాలి? ఉద్యోగం మానేయమని నెల జీతం తీసుకునే నేను చెప్పటం తేలిక. ఆ మాట నేననలేదు. చేతలనే చూడు, పుట్టుకనూ బట్టలనూ చూడకు, చూసిందే రాయి, రాసినదాన్ని ఆ మనిషి ఎదుట చదవగలవా అని నిన్ను నువ్వు అడుగు అన్నాను. ఆ మూడో పరీక్షకు నిలిచే చాటుచూపు రక్షణ; నిలవనిది వేట.

“లోపలికి వచ్చిన ప్రతివారినీ ఒకే మాటతో పలకరిస్తున్నాను మాస్టారూ, కారులో వచ్చినవాళ్లనూ, నడిచి వచ్చినవాళ్లనూ” అన్నాడతను. ఇది చిన్న పనే. కాని దీన్నొక ఒంటరి కుర్రవాడి మంచితనానికి వదిలేయటం న్యాయం కాదు. అరిగిన చెప్పులను వెంబడించమనే ఉత్తరువును కాదనే హక్కు కాపలా పనివారందరికీ ఉండాలి. ఆ హక్కు సంఘటితం కానిదే రాదు.